రెండుసార్లు ప్రాణాల మీదికొచ్చింది, జ్వరం మాత్రం పెద్దగా లేదు: జీన్ టెస్ట్ చేయించాలా?

నాగావళి_అమ్మ (పార్వతీపురం)

అందరికీ నమస్కారం. మా బాబుకి మూడేళ్లు నిండుతున్నాయి. మొదటి పుట్టినరోజు అయిన కొత్తలో మెనింజైటిస్ వచ్చి ఐసీయూలో ఉన్నాడు. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేస్తే న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. దేవుడి దయ, వినికిడి, మాట, నడక అన్నీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు మళ్లీ తుంటి కీలులో చీము పట్టింది. ఆపరేషన్ చేసి తీశారు, కల్చర్‌లో స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అని రాసి ఉంది.

నాకు అంతు చిక్కనిది ఒకటే. రెండుసార్లూ ఒళ్లు పెద్దగా కాలలేదు. కాలు కింద పెట్టనని ఏడుస్తుంటే ఎక్కడో పడ్డాడనుకున్నాం, లోపల చీము ఉందని ఎవరు అనుకుంటారు? మధ్యలో జలుబు, దగ్గు అందరి పిల్లల్లాగే వచ్చి పోయాయి. అమ్మవారు కూడా పోసింది, మామూలుగానే తగ్గిపోయింది.

డాక్టర్ గారు ముందు ఇమ్యూనిటీ రక్త పరీక్షలు చేద్దాం, అవి తేల్చకపోతే ఎక్సోమ్ అనే జీన్ టెస్ట్ చేద్దాం అంటున్నారు. మాది మేనరికం, మా మేనత్త కొడుకునే చేసుకున్నాను. పెద్దది పాప, ఏడేళ్లు, ఇంతవరకు ఆస్పత్రి మంచం ఎక్కలేదు. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే నీళ్లు. వీడికే ఎందుకిలా? అత్త దిష్టి అంటోంది, మా ఆయన జీన్ టెస్ట్ డబ్బు దండగ అంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


కొత్తిమీర_కట్ట

అమ్మా, మన చిన్నప్పుడు ఈ జీన్ల గోల ఉందా? శానిటైజర్లు పూసి, మట్టి తగలకుండా పెంచితే ఇలాగే ఉంటుంది. పిల్లాణ్ణి ఊళ్లో వదలండి, ఇమ్యూనిటీ అదే వస్తుంది. టెస్టులన్నీ వ్యాపారం.


పిల్లల_వార్డు

కట్ట గారూ, పిల్లలు మట్టిలో ఆడాలి, నేనూ కాదనను. కానీ న్యుమోకోకస్ మెనింజైటిస్, ఆ తర్వాత కీలులో చీము, ఇవి మట్టిలో ఆడితే తగ్గేవి కావు. మన చిన్నప్పుడు ఇలాంటి పిల్లలు లేరని కాదు. ఉన్నారు, పోయారు. చావుకి కారణం ‘జ్వరం’ అని రాసేశారు.

నాగావళి గారూ, నేను పిల్లల డాక్టర్‌ని. ఇక్కడ కూర్చుని జబ్బు పేరు చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే మీ డాక్టర్ చెప్పిన వరస మాత్రం సరైనదే. మామూలు పిల్లాడికి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు సహజం, అంగన్‌వాడీకో ప్లే స్కూల్‌కో వెళ్తుంటే ఇంకా ఎక్కువ. వాటికోసం జీన్ల దాకా వెళ్లక్కర్లేదు. మాకు అనుమానం వచ్చేది ఏడాదిలో రెండుసార్లు నిమ్ము చేసినప్పుడు, లోపలి అవయవాల్లో పదే పదే గడ్డలు లేచినప్పుడు, నోట్లో తెల్లపూత ఎన్నాళ్లకీ తగ్గనప్పుడు, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా గుణం కనిపించనప్పుడు, బిడ్డ బరువు పెరగనప్పుడు. రక్తంలోనో మెదడు పొరల్లోనో కీళ్లలోనో లోతైన ఇన్‌ఫెక్షన్ రెండుసార్లు వచ్చినా అంతే. మీ బాబు ఈ చివరి కోవలోకి వస్తాడు.

నాలుగు విషయాలు చెప్పండి. బొడ్డు ఎప్పుడు ఊడింది? తుంటి నొప్పితో చేరిన రోజు సీఆర్పీ (ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) ఎంత? కల్చర్ శాంపిల్ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీశారా? మీ రెండు వైపులా చిన్నతనంలో పోయిన పిల్లలు ఉన్నారా?


నెలనెలా_డ్రిప్ (గుంటూరు)

అమ్మా, ఒక తండ్రిగా చెబుతున్నాను. మా వాడికి ఎక్స్‌ఎల్‌ఏ, అంటే ఒంట్లో యాంటీబాడీలు తయారుకావు. ఐదారు నెలల వరకు తల్లి ఇచ్చిన యాంటీబాడీలతో బాగానే ఉన్నాడు. ఆ తర్వాత చెవిలో చీము, నిమ్ము, మళ్లీ చెవిలో చీము. ఎన్ని సిరప్‌లు తాగించామో లెక్క లేదు. చివరికి ఒక పెద్ద డాక్టర్ గారు నోరు తెరిపించి టార్చి వేసి, ‘వీడికి టాన్సిల్స్ ఏవి?’ అన్నారు. నిజంగానే కనిపించడం లేదు. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలే లేకపోతే టాన్సిల్స్ ఎక్కడ పెరుగుతాయి! ఆ రోజే ఇమ్యునోగ్లోబులిన్ పరీక్ష రాశారు. ఐజీజీ అనే ముఖ్యమైన యాంటీబాడీ దాదాపు లేదు.

ఈ జబ్బుని 1952లోనే అమెరికా సైనిక డాక్టర్ ఆగ్డెన్ బ్రూటన్ పట్టుకున్నాడు. ఎనిమిదేళ్ల కుర్రాడికి న్యుమోకోకస్ మళ్లీ మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంటే, రక్తంలో గామా గ్లోబులిన్ అనే భాగమే లేదని చూసి, దాన్ని బయటి నుంచి ఎక్కించాడు. కుర్రాడు నిలబడ్డాడు. జీన్ పేరు బీటీకే అని తెలిసింది మాత్రం 1993లో. అంటే జీన్ తెలియక ముందే నలభై ఏళ్లు వైద్యం నడిచింది. కాబట్టి టెస్టు ఆలస్యమైతే అన్నీ ఆగిపోతాయని భయపడకండి.

మా వాడికి నెలకోసారి ఐవీఐజీ, అంటే నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు. డోసు బరువుని బట్టి ఉంటుంది కనుక వాడు పెరిగేకొద్దీ బిల్లు కూడా పెరుగుతోంది. మా ఇన్సూరెన్స్ వాళ్లు ‘పుట్టుకతో వచ్చిన జబ్బు’ అని మొదట ఇవ్వనన్నారు. అదో పెద్ద కథ, అవసరమైతే విడిగా చెబుతాను. వాడు బడికి వెళ్తున్నాడు, క్రికెట్ ఆడుతున్నాడు, హోంవర్క్ ఎగ్గొడుతున్నాడు.


నాగావళి_అమ్మ (పార్వతీపురం)

డ్రిప్ అన్నయ్యా, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. అనలేదంటే సగం ఒప్పుకున్నట్టే.

డాక్టర్ గారూ, బొడ్డు బాగా ఆలస్యంగా ఊడింది, మూడు వారాలు దాటింది. పాపకి వారంలోనే ఊడింది కాబట్టి నాకు గుర్తు. చేరిన రోజు సీఆర్పీ కొంచెమే ఎక్కువ అని, ‘ఇంత చీముకి ఇంత తక్కువా’ అని వాళ్లే మళ్లీ చేశారు. రెండో రోజుకి పెరిగింది. రెండు కల్చర్లూ మందులు వేయకముందే తీశారు, రిపోర్టులు నా దగ్గర ఉన్నాయి. మా తాతమ్మకి ఇద్దరు పిల్లలు పసితనంలో పోయారని అంటారు, ఎందుకో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.


పిల్లల_వార్డు

రిపోర్టులు ఉన్నాయంటే సగం పని అయినట్టే. ఎందుకంటే వచ్చిన క్రిమి పేరే, ఒంట్లో ఏ రక్షణ లోపించిందో చెప్పే మొదటి ఆధారం.

న్యుమోకోకస్, హిబ్ లాంటి వాటికి పైన జారుడు పొర ఉంటుంది. యాంటీబాడీయో, కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్లో అంటుకుంటే తప్ప తెల్లకణాలు వాటిని పట్టుకోలేవు, పట్టుకున్నవాటిని వడకట్టేది ప్లీహం. అందుకే ఆ క్రిములు తిరగబెడితే ఆ మూడింటినీ చూస్తాం. స్టాఫ్, సెరేషియా, బర్క్‌హోల్డేరియా లాంటి బ్యాక్టీరియాతో గడ్డలు కట్టి, దానికి తోడు ఊపిరితిత్తిలో ఆస్పర్‌జిలస్ బూజు కూడా వస్తే సీజీడీ అనే జబ్బు గుర్తొస్తుంది. అందులో తెల్లకణం క్రిమిని మింగుతుంది గానీ చంపే ఆక్సిజన్ రసాయనాలు తయారు చేయలేదు. దానికి డీహెచ్‌ఆర్ అని ఫ్లో సైటోమెట్రీ పరీక్ష ఉంది, కాస్త రక్తం చాలు. బొడ్డు ఆలస్యంగా ఊడి, చుట్టూ ఎర్రబారి, పుండు పడినా చీము పట్టకుండా, తెల్లకణాల సంఖ్య మాత్రం ఆకాశానికి అంటుతుంటే అది ల్యాడ్ అనే జబ్బు. ఆ కణాలు రక్తనాళం గోడ దాటి బయటికి రాలేవు. మీ బాబుకి తుంటిలో చీము బాగానే పట్టింది కనుక ఆ వైపు నాకు అంతగా అనుమానం లేదు.

ఇంకొకటి మన దేశంలో తరచూ చూసేది. పుట్టగానే బీసీజీ వేస్తాం. కొందరు పిల్లల్లో ఆ టీకా క్రిమే చంకలో గడ్డై, తర్వాత ఒళ్లంతా పాకుతుంది. ఇంటర్‌లూకిన్-12, ఇంటర్‌ఫెరాన్ గామా అనేవి రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు, ఆ దారిలో జీన్ లోపం ఉంటే ఇలా అవుతుందని 1996 నుంచి ఒక్కొక్కటిగా బయటపడింది. అలాంటి పిల్లలకి సాల్మొనెల్లా కూడా మొండిగా వస్తుంది, మిగతా బ్యాక్టీరియాతో పెద్ద గొడవ ఉండదు. చంకలో చిన్న గడ్డ కట్టిన ప్రతి బిడ్డకీ ఈ జబ్బు అనుకోవద్దు, చాలావరకు అదే కరిగిపోతుంది.

మనకున్న పెద్ద చిక్కు, బిడ్డ మా దగ్గరికి వచ్చేసరికే ఆర్ఎంపీ దగ్గర రెండు మూడు ఇంజెక్షన్లు పడి ఉంటాయి. కల్చర్‌లో ఏదీ పెరగదు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘సెప్సిస్’ అన్న ఒక్క మాట మిగులుతుంది. దాన్ని పట్టుకుని ఎక్సోమ్ చేయిస్తే ఎక్కడ వెతకాలో ల్యాబ్ వాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది?


పెట్రీడిష్ (హైదరాబాద్)

ల్యాబ్ వాళ్లలో నేనొకణ్ణి. డాక్టర్ గారు అన్నది అక్షరాలా నిజం. శాంపిల్‌తో పాటు వచ్చే ఫారంలో ‘తరచూ జ్వరాలు’ అని మాత్రమే రాసి పంపేవాళ్లే ఎక్కువ.

‘వీడికే ఎందుకు’ అన్న ప్రశ్నకి ఒక పాత అధ్యయనం గుర్తొచ్చింది. డెన్మార్క్‌లో 1920లలో పుట్టి దత్తత వెళ్లిన పిల్లల్ని పరిశీలించి 1988లో ప్రచురించారు. కన్న తల్లో తండ్రో 50 ఏళ్లలోపు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయి ఉంటే, ఆ పిల్లలు కూడా ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయే అవకాశం దాదాపు ఆరు రెట్లు. పెంచిన తల్లిదండ్రులు అలా పోతే ఆ పెరుగుదల కనబడలేదు. ఒకే ఇల్లు, ఒకే తిండి అన్నారు కదా, ఇల్లు ఒక్కటే కారణం కాదని చెప్పిన తొలి గట్టి లెక్కల్లో ఇదొకటి.

పారిస్ నెక్కర్ ఆస్పత్రిలో పని మొదలుపెట్టిన జాన్ లోరాన్ కాసనోవా బృందం దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లింది. పైకి పూర్తి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఒకే ఒక్క క్రిమికి కుప్పకూలితే, ఒకే ఒక్క జీన్ లోపం కారణం కావచ్చని వాళ్ల వాదన. ఒకే జీన్ లోపంతో ఇమ్యూనిటీని దెబ్బతీసే జబ్బులు అన్నీ కలిపి ఇప్పటికి 500కు పైగా తేలాయి.

నాగావళి గారూ, జ్వరం లేకపోవడం గురించి. మీ బాబుకి ఇదే ఉందని అనడం లేదు, కానీ మీ డాక్టర్ మనసులో ఏముందో ఊహించగలను. క్రిములని గుర్తుపట్టే టోల్ రిసెప్టర్లు మనిషికి పది ఉన్నాయి. వాటిలో టీఎల్‌ఆర్3ని పక్కన పెడితే దాదాపు అన్నీ మైడీ88, ఐరాక్4 అనే ప్రోటీన్ల మీదుగానే కణం లోపలికి కబురు పంపుతాయి. ఇంటికి పది డోర్ బెల్లులు ఉన్నా లోపలికి వచ్చే వైరు ఒకటే అన్నమాట. ఇంటర్‌లూకిన్-1 కబురు కూడా ఆ వైరు మీదే వెళ్లాలి. జ్వరం తెప్పించే వాటిలో ముఖ్యమైనది అదే. సీఆర్పీని లివర్ చేత తయారు చేయించేది ఇంటర్‌లూకిన్-6, దాన్ని పుట్టించేదీ ఎక్కువగా ఈ దారే. కాబట్టి ఐరాక్4 లోపించిన పిల్లల్లో ఒంట్లో చీము ఉన్నా మొదట్లో ఒళ్లు కాలదు, సీఆర్పీ ఆలస్యంగా పెరుగుతుంది. వీళ్లలో కొందరికి బొడ్డు కూడా ఆలస్యంగా ఊడుతుంది.

ఐరాక్4 లోపం 2003లో, మైడీ88 లోపం 2008లో బయటపడ్డాయి. అంత ముఖ్యమైన దారి తెగిపోతే అన్ని క్రిములూ మీద పడాలి కదా! పడలేదు. ప్రధానంగా న్యుమోకోకస్, స్టాఫ్, సూడోమోనాస్ అనే మూడు బ్యాక్టీరియాలే. అమ్మవారు, జలుబులు మామూలుగానే వచ్చి పోతాయి. కోవిడ్‌లో మాత్రం వీళ్లలో కొందరికి తీవ్రమైన నిమ్ము వచ్చింది, వైరస్‌లతో అసలు ఇబ్బందే లేదన్న నమ్మకం అక్కడ కొంచెం సడలింది.


కొత్తిమీర_కట్ట

సరే, మీరంతా చదువుకున్నవాళ్లు. మరి ఇది చెప్పండి. పోయినేడు ఆన్‌లైన్‌లో లాలాజలం పంపి డీఎన్‌ఏ రిపోర్టు తెప్పించుకున్నాను. ‘ఎంబీఎల్2 జీన్‌లో మార్పు ఉంది, మీకు ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ’ అని రాశారు. కిందే ఇమ్యూనిటీ పౌడర్ లింకు. మా మనవరాలికి కూడా తెప్పిద్దామా అనుకుంటున్నాను. అది వ్యాపారమా, సైన్సా?


పెట్రీడిష్ (హైదరాబాద్)

పౌడర్ వ్యాపారం. ఎంబీఎల్ మాత్రం నిజమైన సైన్సే, కాకపోతే అది పెద్ద ఆశ పుట్టించి తర్వాత చిన్నబోయిన కథ.

ఎంబీఎల్ అంటే బ్యాక్టీరియా పైనున్న చక్కెరలకి అంటుకుని కాంప్లిమెంట్‌ని రంగంలోకి దింపే ప్రోటీన్. తరచూ ఇన్‌ఫెక్షన్లు వచ్చే పసిపిల్లల్లో ఇది తక్కువగా ఉందని 1989లో గమనించారు. తర్వాత ఆ జీన్‌లో 52, 54, 57 స్థానాల్లో మార్పులు దొరికాయి. 54 ఆసియాలో, ఐరోపాలో ఎక్కువ, 57 ఆఫ్రికాలో ఎక్కువ. ఇంకేముంది, పిల్లల ఇన్‌ఫెక్షన్లకి తాళం దొరికిందనుకున్నారు. గ్రీన్‌లాండ్ పిల్లల్లో చూస్తే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరిగింది నిజమే, కానీ అది ముఖ్యంగా 6 నుంచి 17 నెలల వయసులో. అంటే తల్లి యాంటీబాడీలు అరిగిపోయి, సొంతవి ఇంకా కుదురుకోని ఆ సందులో. డెన్మార్క్‌లో 9 వేల మందికి పైగా పెద్దవాళ్లని చూసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఎంబీఎల్ తక్కువున్నవాళ్లకి ప్రత్యేకంగా జబ్బులు ఎక్కువేం కాలేదు. ఈ మార్పు ఉన్నవాళ్లు మన ఊళ్లలో లెక్కలేనంత మంది ఉంటారు, పొలం పనులు చేసుకుంటూ నిక్షేపంగా ఉంటారు.

కట్ట గారూ, మీ రిపోర్టులో ఉన్నది ఇలాంటి సాధారణ మార్పు. నాగావళి గారి డాక్టర్ వెతుకుతున్నది అరుదైన, తానొక్కటే బిడ్డని పడగొట్టగల లోపం. రెంటికీ జీన్ అనే పేరు ఒకటే కావడంతో జనం కలిపేస్తున్నారు, కంపెనీలు ఆ గందరగోళాన్నే అమ్ముకుంటున్నాయి. టీఎల్‌ఆర్4, టిరాప్ లాంటి జీన్లలోని సాధారణ మార్పుల మీద కూడా బోలెడు పేపర్లు వచ్చాయి, ఒక దేశంలో తేలింది ఇంకో దేశంలో తేలలేదు.


లీడ్స్_పిల్ల

సాధారణ మార్పుల్లో గట్టిగా నిలబడిన ఉదాహరణ ఒకటి నేను చెప్పనా? ఇక్కడ ఇంగ్లండ్‌లో పిల్లల వార్డులో నర్సుని. మెనింజైటిస్ తెచ్చే ఇంకో బ్యాక్టీరియా మెనింగోకోకస్ అంటే మాకు వణుకు, పొద్దున ఆడుకున్న బిడ్డ రాత్రికి ఒళ్లంతా ఊదా మచ్చలతో వస్తుంది. 2010లో ఐరోపా పిల్లల జీనోమ్ మొత్తం జల్లెడ పడితే ఫ్యాక్టర్ హెచ్, దాని పక్క జీన్ సీఎఫ్‌హెచ్‌ఆర్3 ఉన్న చోట తేడా తేలింది. ఫ్యాక్టర్ హెచ్ పని, కాంప్లిమెంట్ మన సొంత కణాల మీద పడకుండా ఆపడం. ఈ క్రిమి దొంగబుద్ధి చూడండి, మన ఫ్యాక్టర్ హెచ్‌నే పట్టి ఒంటికి చుట్టుకుని ‘నేను మీవాణ్ణే’ అన్నట్టు తప్పించుకుంటుంది. దాన్ని పట్టుకునే క్రిమి ప్రోటీన్‌నే మెన్‌బి టీకాలో వాడారు. ఇక్కడ పసిపిల్లలందరికీ 2015 సెప్టెంబర్ నుంచి వేస్తున్నారు.

కాంప్లిమెంట్‌లో సీ5 నుంచి సీ9 వరకు ఏదైనా పూర్తిగా లేకపోతే మెనింగోకోకస్ ముప్పు వేల రెట్లు. మా దగ్గర మెనింగోకోకస్ రెండోసారి వచ్చిందంటే కాంప్లిమెంట్ పనితీరు చూసే సీహెచ్50 పరీక్ష రాయకుండా వదలరు.


పాడేరు_ఘాట్

నేను ఏజెన్సీలో ఆరోగ్య కార్యకర్తని. ఇంత పెద్ద పేర్లు నాకు రావు గానీ, మా దగ్గర పిల్లల్ని తీసుకుపోయే జీన్ ఒకటుంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్. అది ఇమ్యూనిటీ జీన్ కాదంటారు, కానీ ప్లీహాన్ని చిన్నతనంలోనే తినేస్తుంది. ప్లీహం పోయాక న్యుమోకోకస్ వస్తే గంటల్లో మనిషి ఉండడు. అమెరికాలో 1986లోనే తేల్చారట, మూడేళ్లలోపు సికిల్ పిల్లలకి రోజుకి రెండుసార్లు పెన్సిలిన్ బిళ్ల ఇస్తే ఈ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని. ఎంత చవక మందు! దాన్ని ఆపకుండా వేయించడమే మా పని, అదే కష్టం. జ్వరం లేని పిల్లాడికి మందెందుకని తల్లులు ఆపేస్తారు. 2023లో కేంద్రం సికిల్ సెల్ మిషన్ పెట్టాక పరీక్షలు పెరిగాయి, కార్డులు ఇస్తున్నారు.

ఆ జీన్ ఒక్క ప్రతి (కాపీ) మాత్రమే ఉన్న తల్లిదండ్రులకి ఈ జబ్బు ఉండదు, పైగా వాళ్లకి తీవ్రమైన మలేరియా తక్కువ. మా కొండల్లో ఈ జీన్ నిలబడింది అందుకేనని ట్రైనింగ్‌లో చెప్పారు.


పెట్రీడిష్ (హైదరాబాద్)

ఘాట్ గారూ, దానికి ఇంకో మెలిక కూడా ఉంది. కెన్యాలోని కిలిఫీలో చూస్తే, ఒక్క ప్రతి ఉన్న పిల్లలకి మలేరియాతో పాటు రక్తంలో బ్యాక్టీరియా ఎక్కడం కూడా తగ్గింది. మలేరియా తగ్గిన చోట ఆ తేడా కూడా తగ్గిపోయింది. అంటే మలేరియా వచ్చి ఒంటిని దెబ్బతీస్తేనే బ్యాక్టీరియా లోపలికి ఎక్కుతోందన్నమాట.


గోంగూర_రెబల్

అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. మేనరికాలు ఆపితే సగం జబ్బులు పోతాయి. చదువుకున్నవాళ్లు కూడా చేసుకుంటుంటే ఏమనాలి?


నెలనెలా_డ్రిప్ (గుంటూరు)

రెబల్ గారూ, మాది మేనరికం కాదు, మా ఆవిడది వేరే జిల్లా. బీటీకే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. మా బావమరిది ఒకడు చిన్నప్పుడే నిమ్ముతో పోయాడు. అదీ సంబంధం.


పెట్రీడిష్ (హైదరాబాద్)

రెండూ నిజమే. ఐరాక్4, ల్యాడ్, సీజీడీలో కొన్ని రకాలు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ పాడైన ప్రతి రావాలి. మేనత్త కొడుకునో మేనమామ కూతురినో చేసుకుంటే బిడ్డలో ఒక జీన్ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో ఒకటి. సొంత మేనమామని చేసుకుంటే 8లో ఒకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధంలోనే. అయినా వాళ్ల పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉన్నారు.

మేనరికం కాకపోయినా ఒకే కులంలో వందల ఏళ్లుగా చేసుకుంటూ పోతే కొంతవరకు అదే ఫలితం. మన హైదరాబాద్ జీన్ల పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్లు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమూహాలు చూస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల జీన్లే తిరుగుతుండే ఈ ప్రభావం ఫిన్లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలంగా ఉంది. మనకి తెలిసిన ఉదాహరణ వైశ్యులది. కొన్ని మత్తుమందులు వాళ్లలో కొందరికి పడవు, కారణం ఒక ఎంజైమ్ జీన్. మత్తు డాక్టర్లు అందుకే ముందుగా అడుగుతారు.


నిర్వాహకుడు

కులాల ప్రస్తావన ఇక్కడితో ఆపుదాం. దాని మీద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. తల్లి ప్రశ్న అడిగింది, జవాబులు ఆ ప్రశ్నకే ఇవ్వండి.


సాంబారు_చెంబు

మా ఇంట్లో తమ్ముడికే ఏటా టైఫాయిడ్ వస్తుంది. అదీ జీనేనా?


పిల్లల_వార్డు

ఏటా వస్తున్నది టైఫాయిడ్ అని ఎలా తేలింది? రక్తంలో యాంటీబాడీలు చూసే వైడల్ పరీక్ష అయితే నమ్మను. బ్లడ్ కల్చర్‌లో వస్తే అప్పుడు మాట్లాడదాం. జీన్ పాత్ర లేకపోలేదు, వియత్నాంలో చూసి 2014లో ప్రచురించిన పనిలో హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 అనే ఇమ్యూనిటీ జీన్‌లో ఒక రకం ఉన్నవాళ్లకి టైఫాయిడ్ నుంచి దాదాపు ఐదు రెట్లు రక్షణ ఉందని తేలింది. కానీ ముందు నీళ్లు చూసుకోండి, టీకా వేయించండి.


నాగావళి_అమ్మ (పార్వతీపురం)

కొన్నాళ్లు రాలేకపోయాను, ఇవీ రిపోర్టులు. సీబీసీ బాగుంది. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం వయసుకి తగ్గట్టే ఉన్నాయి. డీహెచ్‌ఆర్ నార్మల్, సీహెచ్50 నార్మల్, స్కానింగ్‌లో ప్లీహం ఉంది. అన్నీ నార్మల్ అంటుంటే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఎక్సోమ్‌కి పంపాం, మా ఆయనే దగ్గరుండి కట్టారు.

రిపోర్టు వచ్చింది. ఐరాక్4 జీన్‌లో రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉందట. కానీ పక్కన ‘వీయూఎస్, ప్రాముఖ్యం తేలనిది’ అని రాశారు. ఇంత ఖర్చుపెట్టి తేలనిది అంటే ఏంటి? పెట్రీడిష్ తమ్ముడూ, మీరు ముందే ఐరాక్4 అన్నారు కదా, మరి ఇదే కాదా?


పెట్రీడిష్ (హైదరాబాద్)

అక్కా, నేనన్నది వేరు, కాగితం మీద రుజువు వేరు. ప్రతి మనిషి జీనోమ్‌లో అరుదైన మార్పులు బోలెడు ఉంటాయి, ఎక్కువ భాగం ఏ హానీ చేయవు. ఈ మార్పు ఇంతకు ముందు ఇదే జబ్బున్న ఇంకో బిడ్డలో రిపోర్టు అయి ఉంటేనో, ప్రోటీన్ మధ్యలో తెగిపోయే రకమైతేనో ల్యాబ్ వాళ్లు ధైర్యంగా రాసేవారు. ఒక్క అక్షరం మారి ఒక్క అమైనో ఆమ్లం మారిన చోట, అది ప్రోటీన్‌ని చెడగొడుతుందో లేదో ఊహతో చెప్పకూడదు. మన జనాల జీనోమ్ సమాచారం అంతర్జాతీయ డేటాబేస్‌లలో తక్కువ కావడం వల్ల కూడా మనకి ఈ ‘తేలనివి’ ఎక్కువగా వస్తున్నాయి.

దీన్ని తేల్చే దారులున్నాయి. మీ ఇద్దరిలో చెరొక ప్రతి ఉందో లేదో చూస్తారు. పాపకి కూడా చేయించండి. పాపలో మార్పు లేకపోయినా, ఒక్క ప్రతే ఉన్నా అనుమానం నిలబడుతుంది. పాపకీ రెండు ప్రతులూ ఉండి ఏడేళ్లుగా రాయిలా ఉందంటే మాత్రం ఈ మార్పు మీద అనుమానం చాలా తగ్గిపోతుంది. అన్నిటికన్నా గట్టిది పనితీరు పరీక్ష. బాబు రక్తంలోని కణాలకి బ్యాక్టీరియా ముక్కలు చూపించి, అవి ఇంటర్‌లూకిన్-6 లాంటివి విడుదల చేస్తున్నాయా, తెల్లకణం మీది సీడీ62ఎల్ అనే ప్రోటీన్ రాలిపోతోందా అని చూస్తారు. అందరూ చేయరు, ఇమ్యునాలజీ ల్యాబ్ ఉన్న పెద్ద సంస్థలకి మీ డాక్టరే రాస్తారు.

అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021 కింద హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆస్పత్రి కలిసి సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఉన్నాయి. మూలకణాల మార్పిడి అవసరమయ్యే ఇమ్యూన్ జబ్బులు కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి, సాయం 50 లక్షల వరకు. ఐరాక్4కి సాధారణంగా మార్పిడి దాకా వెళ్లరు, అయినా ఓసారి అడిగి చూడండి.


పిల్లల_వార్డు

నాగావళి గారూ, ‘తేలనిది’ అని రాసినంత మాత్రాన వైద్యం ఆగదు. ఆ కాగితం పక్కన పెట్టి చూసినా, మీ బాబు చరిత్ర అలాగే ఉంది. పనితీరు పరీక్ష వచ్చేదాకా ఇలాంటి పిల్లల్ని లోపం ఉన్నట్టే కాపాడతాం. కోట్రైమోక్సజోల్, పెన్సిలిన్ రోజువారీ నివారణగా ఇస్తారు, కొందరికి ఐవీఐజీ కూడా కలుపుతారు. అందులో ఏవి, ఎంత డోసులో అన్నది మీ డాక్టర్ చెప్పాలి. న్యుమోకోకస్ టీకా పీసీవీ డోసులు సర్కారు టీకాల్లో పూర్తయ్యాయా, వాటిపైన అదనపు న్యుమోకోకల్, మెనింగోకోకల్ టీకాలు కావాలా అని అడగండి.

మీకు ధైర్యం ఇచ్చే సంగతి ఒకటుంది. ఐరాక్4, మైడీ88 లోపమున్న 60 మందిని కలిపి చూసి 2010లో ఒక అధ్యయనం వచ్చింది. ఎనిమిదేళ్లు దాటాక ఒక్క మరణం లేదు, 14 దాటాక లోతైన ఇన్‌ఫెక్షన్లే లేవు. పెరిగేకొద్దీ యాంటీబాడీలు, టీ కణాలు ఆ లోటుని పూడుస్తాయని అనుకుంటున్నారు. గండం అంతా ఈ మొదటి ఏళ్లలోనే.

అందుకే ఇది ఒక కాగితం మీద రాయించి ఫైల్ మొదటి పేజీలో పెట్టండి: ‘ఈ బిడ్డకి జ్వరం లేకపోయినా, సీఆర్పీ తక్కువగా ఉన్నా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు. అనుమానం రాగానే బ్లడ్ కల్చర్ తీసి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.’ మీ డాక్టర్ సంతకం, ఫోన్ నంబర్ ఉండాలి. అర్ధరాత్రి డ్యూటీలో ఉండే కుర్ర డాక్టర్‌కి థర్మామీటర్ చూసి ఇంటికి పంపేయడం చాలా తేలిక. బాబు పాలు తాగనన్నా, మగతగా ఉన్నా, ఒక చెయ్యో కాలో కదపనన్నా అదే మీకు జ్వరం కింద లెక్క.


నాగావళి_అమ్మ (పార్వతీపురం)

రాయించాను డాక్టర్ గారూ, ఒక కాపీ అత్త పర్సులో కూడా పెట్టాను. దిష్టి తీస్తే తియ్యి గానీ ముందు ఈ కాగితం చూపించు అని చెప్పాను. పాప శాంపిల్, మా ఇద్దరి శాంపిల్స్ సోమవారం ఇస్తున్నాం. రాగానే చెబుతాను.


చిట్టి_బుజ్జి_నాన్న

ఈ దారం మొత్తం చదివాక భయమేసింది. మా వాడికి ఏడాదికి పది జలుబులు. ఎక్సోమ్ ఎక్కడ చేయిస్తారు?


పిల్లల_వార్డు

ప్లే స్కూల్‌కి వెళ్తున్నాడా? బరువు పెరుగుతున్నాడా? జలుబుకి జలుబుకి మధ్య ఎగురుతూ ఆడుతున్నాడా? మూడింటికీ అవును అయితే ఆ డబ్బుతో వాడికో సైకిల్ కొనండి.